చెకుముకి కొలను

దుబాయ్ పక్క ఫుజైరా కొండల్లో రాళ్ల క్వారీలో పని చేయడానికి వచ్చిన కురుమ బీరయ్య సంచిలో ఒక నల్ల గొంగడి ఉంది. ముట్టుకుంటే ఇనుము చేయి కాల్చే దేశానికి గొంగడి మోసుకొచ్చినవాణ్ణి చూసి క్యాంపులో నవ్వని మనిషి లేడు. గదిలో పెద్దవాడు పోశయ్యది సిరిసిల్ల పక్క. హైదరాబాదులో దర్జీ పని చేసి ఉర్దూ బాగా నేర్చినవాడు. "తమ్మీ, జర ఆగు. నీకు వీసా ఇచ్చిన కఫీల్ గొర్లు గూడ తెప్పిస్తడట" అని ఏడిపించాడు. జగిత్యాల దగ్గరి పల్లెలో బీరయ్యకు మంద ఉండేది. ఒక వానాకాలం రోగం తగిలి మందంతా కళ్ల ముందే పోయింది. వాటి ఉన్నితో నేసిన గొంగడి మాత్రం మిగిలింది. దాన్ని వదిలి రావడానికి మనసొప్పలేదు, అంతే సంగతి. ఇందులో నవ్వడానికి ఏముందో నవ్విన వాళ్లకే తెలియాలి.

నవ్వనివాడు ఒక్కడున్నాడు, అమీర్ జాన్. చిన్న కళ్లు, వెడల్పు ముఖం, కమిలిపోయిన బుగ్గలు. క్యాంపులో అందరూ అతన్ని చైనావాడనుకునేవారు. క్రషర్ దగ్గర బీరయ్య పక్కనే రాళ్లు ఎత్తి వేసేవాడు. ఒక సాయంత్రం గదిలోకి వచ్చి, ఎవరినీ అడగకుండా గొంగడి తీసి ముఖానికి ఆనించుకుని వాసన పీల్చాడు. "భేడ్" అన్నాడు. "గొర్రె" అన్నాడు బీరయ్య. ఆ పూట నుంచి ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నారు.

అమీర్ జాన్ చైనావాడేమీ కాదు. అఫ్ఘాన్ దేశంలో అన్నిటికన్నా పైన, పామీరు కొండల మీద మందలతో తిరిగే కిర్గిజువాడు. వాళ్లకు ఊరనేది లేదు. గొర్రెలు, జడల బర్రెలు, విప్పుకుని మోసుకుపోయే డేరాలు, ఆ కొండల నడుమ కొలనులు, అదే వాళ్ల ఊరు. కాబూలులో రాజ్యం తలకిందులయ్యాక ఆ గుంపంతా కనుమ దాటి పాకిస్తాన్‌లో గిల్గిట్ వైపు దిగింది. చలికి అలవాటుపడ్డ మనుషులు అక్కడి వేడికి రాలిపోయారు. అమీర్ జాన్ బతుకుతెరువు వెతుక్కుంటూ కరాచీకి, అక్కణ్ణుంచి ఎవరివో కాగితాల మీద దుబాయ్‌కి వచ్చాడు. భార్య, చిన్న కూతురు గుంపుతోనే ఉండిపోయారు. గుంపు పెద్ద ఏదో చల్లని దేశాన్ని బతిమాలుతున్నాడనీ, ఒప్పుకుంటే అందరినీ విమానాల్లో తీసుకుపోతారనీ అతను చెప్పేవాడు. ఆ లోపల తను అక్కడికి చేరి భార్యాబిడ్డల పక్కన నిలబడాలి. గుంపులో లేనివాణ్ణి ఎవరూ ఎక్కించుకోరు. దొంగ కాగితాల మీద బతికేవాణ్ణి తరువాత ఏ దేశమూ రానివ్వదు. అందుకని కబురు రాగానే పని మానేసి పరుగెడతాననేవాడు.

శుక్రవారం పని ఉండదు. క్యాంపు వెనక నీళ్లెరగని వాగు ఒకటి ఉంది, అరబ్బులు వాదీ అంటారు. అమీర్ జాన్ బీరయ్యను అక్కడికి తీసుకుపోయి తన దేశం చూపించేవాడు. మాటవరసకు కాదు, నిజంగానే చూపించేవాడు. ముందు నడుస్తూ చేయి చాపి, ఇదిగో కనుమ, ఇక్కడి గాలికి మనిషి నిలబడలేడు, ముఖం కప్పుకో అనేవాడు. బీరయ్య ఆ మండుటెండలో తువ్వాలు ముఖానికి చుట్టుకునేవాడు. చదునైన చోట గులకరాళ్లు గుండ్రంగా పేర్చి ఇది డేరా అనేవాడు. గడప తొక్కితే మాత్రం ఊరుకునేవాడు కాదు, బయటికి పంపి మళ్లీ రమ్మనేవాడు. లోపలికి వస్తుంటే కుడివైపు ఆడవాళ్లది, పొయ్యి సామాన్లు అక్కడ. ఎడమవైపు మగవాళ్లది, జీనులూ కొరడాలూ అక్కడ. చుట్టం ద్వారానికి ఎదురుగా, అన్నిటికన్నా లోపల కూర్చోవాలి. బీరయ్య కాలే గులకల మీద చుట్టంలా కూర్చుని, ఉప్పేసిన పాల చాయ అందుకున్నట్టు రెండు చేతులూ చాపేవాడు.

"గొంగడి మీరెట్ల నేస్తరు, జాన్ భాయ్?" అని ఒకసారి వచ్చీరాని హిందీలో అడిగాడు. మేం నేయం, ఉన్నిని తడిపి చాపలో చుట్టి తొక్కుతాం అన్నాడు అమీర్ జాన్. అని ఊరుకోకుండా లేచి తొక్కడం మొదలుపెట్టాడు. బీరయ్య కూడా పక్కన చేరాడు. పెళ్లాం పిల్లలున్న ఇద్దరు మగవాళ్లు వాగులో లేని ఉన్నిని తొక్కుతుంటే రోడ్డు మీద లారీలవాళ్లు హారన్ కొట్టి పోయారు.

అన్నిటి తరువాత పెద్ద కొలను. అక్కడికి వచ్చేసరికి అమీర్ జాన్ గొంతు తగ్గేది. చలికాలం అది రాయిలా గడ్డ కడితే దాని మీద నుంచే బర్రెల్ని తోలుకుపోతారట. ఎండాకాలం ఒడ్డంతా పచ్చిక, చుట్లు తిరిగిన కొమ్ముల అడవి గొర్రెలు నీళ్లకు దిగుతాయట. అతని కూతురు ఆ ఒడ్డునే పుట్టింది. దాని పేరు చక్మక్తిన్ కోల్ అన్నాడు. కోల్ అంటే ఏమిటని బీరయ్య అడిగాడు. నీళ్లు నిలిచే చోటు. చక్మక్ అంటే? అమీర్ జాన్ రెండు రాళ్లు ఏరి ఒకదానికొకటి కొట్టి చూపించాడు.

"చెకుముకి," అన్నాడు బీరయ్య ఆశ్చర్యంతో. "కోల్ అంటే కొలను. గిది మా మాటనే గద. చెకుముకి కొలను."

ఇద్దరూ ఆ పేరును ఒకరి తరువాత ఒకరు పలికి పలికి మురిసిపోయారు. ఆ పూటతో బీరయ్యకు ఒక ధీమా పట్టుకుంది. ఈ మనిషి మాట తనకూ, తన మాట ఈ మనిషికీ అరటిపండు ఒలిచిపెట్టినట్టు తెలిసిపోతుందని నమ్మేశాడు. ఆ నమ్మకమే కొంప ముంచింది. ఇద్దరూ మాట్లాడుకునేది క్యాంపు హిందీ. అందులో పోయాడన్నా పోతాడన్నా ఒకటే మాట, జాతా.

ఎనభై రెండో సంవత్సరం ఎండాకాలం. సనావుల్లా అని గిల్గిట్ వాడొకడు క్వారీ నుంచి రేవుకు రాయి తోలే లారీ డ్రైవరు. సెలవు మీద ఊరికి పోయి అప్పుడే తిరిగి వచ్చాడు. ఆ రోజు అమీర్ జాన్‌ను కొండ మీద రాయి పేల్చే చోటికి పంపారు. క్రషర్ రొదలో మనిషి మాట మనిషికి వినపడదు. వెనక లారీలు హారన్ల మీద హారన్లు. సనావుల్లా కిటికీలోంచి తల బయటపెట్టి బీరయ్యను పిలిచి అరిచాడు.

"అమీర్ జాన్ కే లోగ్ అగ్లే మహీనే తుర్కీ జా రహే హైఁ. సబ్ కే సబ్. ఉస్కో బోల్ దేనా."

అమీర్ జాన్‌కు చెబుతానని బీరయ్య తలూపాడు, లారీ కదిలిపోయింది. అమీర్ జాన్ వాళ్లంతా అగ్లే మహీనా తుర్కీ దేశం పోతున్నారు. అగ్లే అంటే ముందల. ముందల నెల, రాబోయేది. తప్పేమీ లేదు, అర్థం సరిగ్గానే తెలిసింది. ఆ మాటను తెలుగులో మూటకట్టి సాయంత్రం దాకా జాగ్రత్తగా మోశాడు.

మూట విప్పి మళ్లీ హిందీ చేసేటప్పుడు అయింది అనర్థం. ముందల నువ్వు తిను అంటే పైలే తూ ఖా. ముందల వచ్చినోడు అంటే పైలే ఆయా. బీరయ్యకు తెలిసిన హిందీలో ముందలకు ఉన్న మాట పైలే ఒక్కటే. రాబోయేదీ గడిచిపోయిందీ రెండూ మనకు ముందే అయి కూర్చున్నాయి. హిందీలో పైలే అంటే గడిచిపోయిన ముందు.

"తుమారా లోగ్ తుర్కీ జాతా, జాన్ భాయ్," అన్నాడు. "పైలే మహీనే మే."

అమీర్ జాన్ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. "సబ్?"

"సబ్."

"మేరీ బీవీ? బచ్చీ?"

"సబ్, జాన్ భాయ్."

"ఖలాస్," అన్నాడు అమీర్ జాన్. గోడకు తిరిగి పడుకుని భుజాలు కదిలేలా ఏడ్చాడు. ఆ కొలనులు ఇక ఎన్నటికీ చూడలేడని ఏడుస్తున్నాడనుకుని బీరయ్య వీపు నిమిరాడు. మర్నాడు సెలవు అడుగుతాడనుకున్నాడు. అడగలేదు. ఆ మర్నాడూ అడగలేదు. ముదీర్, అదే మేనేజరు, పాస్‌పోర్టు ఇవ్వనన్నాడు గావచ్చు అనుకున్నాడు. బీరయ్య నోరు తెరిచి అడగొచ్చు కదా. గదిలో అంత ఉర్దూ తెలిసిన పోశయ్య ఉన్నాడు, అతన్నయినా మధ్యలో కూర్చోబెట్టొచ్చు కదా. అడగలేదు. దుఃఖంలో ఉన్న మగవాణ్ణి గుచ్చి గుచ్చి ప్రశ్నలు వేయడం బీరయ్య ఎరగడు. ఈ మర్యాదలు మనుషుల్ని చంపుతాయి.

అమీర్ జాన్ వాగు వైపు పోవడం మానేశాడు. శుక్రవారాలు మంచం మీదే గడిపాడు. తిండి తింటే తిన్నాడు, లేకపోతే లేదు. రాయి ఎత్తమంటే ఎత్తాడు. రోజులు గడిచి నెల దాటింది. సనావుల్లా ఒకరోజు మధ్యాహ్నం నేరుగా క్యాంపు గదికి వచ్చాడు. అమీర్ జాన్ డ్యూటీలో ఉన్నాడు. గదిలో బీరయ్య, పోశయ్య ఉన్నారు. సనావుల్లా కోపంతో ఊగిపోతున్నాడు. గిల్గిట్ నుంచి మనిషి వచ్చాడట, విమానాలన్నీ వెళ్లిపోయాయట. అమీర్ జాన్ ఎందుకు రాలేదు, నెల ముందు చెప్పి పంపాను కదా అని ఉర్దూలో కడిగేశాడు. భార్య ఏ విమానమూ ఎక్కనన్నదట. కూతుర్ని ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుని, వస్తాడు వస్తాడని చివరి విమానం దాకా రోడ్డు వైపే చూసిందట. ఆఖరికి ఆడవాళ్లు రెక్కలు పట్టి లోపలికి లాక్కుపోయారట.

పోశయ్య అదంతా తెలుగు చేసి చెప్పి, "నువ్వేం జెప్పినవ్‌రా వానికి?" అని అడిగాడు.

"ముందల నెల పోతరని జెప్పిన, అన్నా. పైలే మహీనే మే అని."

"అగ్లే అంటే వచ్చే నెల, తమ్మీ. పైలే అంటే పోయిన నెల," అన్నాడు పోశయ్య. "ఒక్క మాట నన్ను అడగకపోతివి."

సనావుల్లాకు ఆ సంగతి తెలియగానే కోపమంతా దిగిపోయింది. ఇప్పుడు వాడికి చెప్పి ఏం లాభం, విని ఉరేసుకుంటాడు, నేను చెప్పను, మీరూ చెప్పకండి అన్నాడు. తరువాత లారీ మార్చుకుని రువైస్ వైపు పోయాడు. మళ్లీ ఫుజైరాకు రాలేదు.

బీరయ్య చెబుదామనే అనుకున్నాడు. ఆ సాయంత్రం అమీర్ జాన్ పక్కన కూర్చుని, "జాన్ భాయ్" అని నోరు తెరిచాడు కూడా. అమీర్ జాన్ తలెత్తాడు. ఆ కళ్లలో కోపం లేదు, అనుమానం లేదు. ఏడ్చి ఏడ్చి ఎండిన కళ్లు. "చాయ తాగుతవా?" అన్నాడు బీరయ్య. పిరికితనం అనండి, దయ అనండి, ఏ పేరు పెట్టినా అది అక్కడితో ఆగలేదు. మర్నాడు చెబుదాం అనుకున్నది వారాలయింది, ఏళ్లయింది. మందంతా చచ్చిన ఏడాది కూడా బీరయ్య ఇంత కుంగిపోలేదు, అప్పుడు తప్పు రోగానిది.

ఎనభై ఐదులో క్వారీ మూతబడింది. బీరయ్యను ఇంటికి పంపేశారు. అమీర్ జాన్‌కు పోవడానికి దేశమంటూ ఏదీ లేదు, ఇంకో కఫీల్ కింద దుబాయ్‌లో అల్ ఖూజ్ అనే చోట గోదాములో కావలి పని దొరికింది. దుబాయ్ పోయే టాక్సీ దగ్గరికి బీరయ్యను సాగనంపడానికి వచ్చాడు. సంచి తనే డిక్కీలో పెట్టాడు. తరువాత బీరయ్య చేయి పట్టుకుని, తనకొచ్చిన హిందీలో నెమ్మదిగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పాడు. దేవుడు నన్ను ఒక్క విషయంలో కనికరించాడు. నాకు కబురు అందేసరికే వాళ్లు వెళ్లిపోయారు. ముందుగా కబురు పంపలేదు గనుక నేను రాలేనని తెలిసి, నా భార్య నా కోసం దారి చూసి ఉండదు. చూసి ఉంటే నేను ఇన్నాళ్లు బతికేవాణ్ణి కాదు.

అని, అవునంటావా అన్నట్టు బీరయ్య ముఖంలోకి చూశాడు.

"నై దేఖా, జాన్ భాయ్," అన్నాడు బీరయ్య. చూడలేదు.

అమీర్ జాన్ అతన్ని గట్టిగా కావలించుకుని, ఈ దేశంలో నాకు నిజం చెప్పినవాడివి నువ్వొక్కడివే అన్నాడు.