ఆయుధ పూజలో మట్టి డ్రైవరు

ఆ రోజుల్లో నాకు తీరిక లేదు గానీ ఆలోచనలకు మాత్రం కొదవ లేదు. బెంగళూరులో యానిమేషన్ చదువు ముగించి బళ్ళారికి తిరిగొచ్చిన కొత్త. ఉద్యోగం చేయను, నా సినిమా నేనే తీసుకుంటానని ఇంట్లో ప్రకటించాను. (నన్ను అడిగినవాళ్ళెవరూ లేరు.) బ్రూస్‌పేటలో మా మామకు లారీల షెడ్డు ఉండేది. అందులో ఒక మూలగది ఇచ్చి, "పండగ దాకా ఈడ చేసుకో పాపా. దసరా అయినంక టైర్లు పెట్టాల," అన్నాడు. దసరాకల్లా సినిమా చుట్టేస్తానని మాటిచ్చాను. మాటివ్వడంలో నన్ను మించినవాళ్ళు మా వంశంలో లేరు.

దోణిమలై నుంచి ఖనిజం దింపుకొచ్చే ఒక లారీ డ్రైవరు కథ అది. డ్రైవరంటే జానెడు మట్టిబొమ్మ. వాడి చెయ్యి కాస్త కదిపి ఒక ఫొటో, ఇంకాస్త కదిపి ఇంకొకటి. ఇలా పొద్దుగూకేదాకా తీస్తే తెరమీద వాడు ఒక్క బీడీ నోట్లో పెట్టుకుంటాడు. ఇంత నింపాది పనిలో బుర్ర ఖాళీగా ఉంటుంది కదా, అందులోకి కొత్త ఆలోచనలు దూరేవి. తోలుబొమ్మల నాటకం ఒకటి మొదలుపెట్టాను. దానికి పాటలు కావాలని కంజీర కొన్నాను. పాట కుదరక బొమ్మల కథల పుస్తకం గీయబోయాను. డ్రైవరు మాత్రం బీడీ నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల కోసం వారాల తరబడి కాచుకుని కూర్చున్నాడు. "వానికి అగ్గిపెట్టె దొరకలేదా ఇంకా?" అని మా అత్త టీ తెచ్చినప్పుడల్లా అడిగేది. "నాలుగు పనులు ఒక్కసారే చేస్తాను అత్తా నేను," అనేదాన్ని, ఎంతో దర్జాగా.

అంతలో ఆయుధ పూజ వచ్చిపడింది. డ్రైవర్లు స్టీరింగులకు మాలలు కట్టారు, మెకానిక్కు పానాలు కడిగి వరసగా పెట్టాడు. నేను కంజీర, కుంచెలు, తోలుబొమ్మలు గంపకెత్తుకొచ్చి పరిచాను. (కెమెరానూ డ్రైవరునూ కదిపితే షాటు చెడుతుందని గదిలోనే ఉంచాను.) మామ ఆ సంతను చూసి, నన్ను చూసి, "దీంట్లో నీ ఆయుధం ఏదమ్మా?" అన్నాడు.

"అన్నీ మామా. లోపల కెమెరా కూడా ఉంది."

"అన్నీ అంటే ఏదీ గాదు."

డ్రైవర్లు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. మామ నిదానంగా, "రేపు పూజ ఎత్తినంక ఒకటి తియ్. అది ముగిసేదాకా గది నీదే, మిగిలినవి అత్త బీరువాలో ఉంటాయి. అన్నీ తీస్తే గదిలోకి టైర్లే," అన్నాడు.

ఈ పంచాయితీ సాగుతుండగానే అత్త గదిలోకి వెళ్ళి పూజ ముగించుకొచ్చింది. నేను పరుగెత్తాను. నా డ్రైవరు నొసట రూపాయి కాసంత కుంకుమ. "పండగ పూట వాని మొగం బోసిగ ఉండాది, అందుకే పెట్టినా," అంది అత్త తృప్తిగా. పచ్చిమట్టి కుంకుమను పీల్చేసుకుంది. తుడుద్దామంటే పూజ చేసినదాన్ని మరుసటి రోజుదాకా తాకకూడదు.

మర్నాడు పొద్దున అందరూ చూస్తుండగా నా సామాను ముందు నిలబడ్డాను. అన్నీ ఒక్కసారే ఎత్తుకుని మామ నోరు మూయించాలనే ఉంది. కానీ కంజీర ఎన్నాళ్ళయినా ఆగుతుంది, నాటకం ఆగుతుంది, పుస్తకం ఆగుతుంది. డ్రైవరు మెడ దగ్గర మాత్రం మట్టి ఆరి అప్పటికే సన్నగా పగులుతోంది. తడిగుడ్డ తీసుకుని వాడి దగ్గరికే పోయాను. అత్త మిగిలినవన్నీ బీరువాలో పెట్టి బీగం వేస్తుంటే రెండుసార్లు వెనక్కి తిరిగి చూసిన మాట నిజం.

చలికాలం వెళ్ళకముందే సినిమా ముగించాను. షెడ్డులో తెరగా దుప్పటి కట్టి అందరికీ వేసి చూపించాను. అయిపోగానే మామ, "ఇంతేనా? ఇంతసేపట్లో మన లారీ గేటు కూడ దాటదు," అన్నాడు. ఆ వెంటనే, "నడుమ వాని నొసట బొట్టు యాడ్నించి వచ్చె?" అన్నాడు.

"పండగ వచ్చింది గదా మామా," అన్నాను తడుముకోకుండా.

మామ తలూపి, "అవునవును. మళ్లోపారి వెయ్," అన్నాడు. ఆ మరుసటి వారం టైర్లు వచ్చాయి. మామ వాటిని ఆరుబయట టార్పాలిన్ కింద పెట్టించాడు. గది సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు నా పనులకు ఒక వరస ఉంది. ఒకటి ముగిశాకే ఇంకొకదాని జోలికి పోతాను, సినిమాలూ అవుతున్నాయి. కానీ గంపెడు సామాను ముందేసుకుని "అన్నీ మామా" అన్న ఆ పిల్ల తలపుకొస్తే ముందు నవ్వొస్తుంది. ఆ తర్వాత, ఎందుకో, దానిమీద కొంచెం అసూయ కూడా పుడుతుంది.