లైటర్ చప్పుడుకి వచ్చే కుందేలు

కుందేలు మాది కాదు, నందిగామలో ఉండే మా మనవరాలిది. దాన్ని ఎత్తుకుంటే పిల్లకి చేతుల నిండా దద్దుర్లు లేస్తున్నాయని అమ్మాయీ అల్లుడూ జగ్గయ్యపేట తెచ్చి మా వరండాలో దింపి పోయారు. "అమ్మమ్మా, దానికేమన్నా అయితే ఇంక నీతో మాట్లాడను" అంది పిల్ల ఫోన్లో. ఆ మాట నా గుండెల్లో అట్టాగే కూర్చుంది.

కుందేలికి పిలిస్తే వచ్చేలా నేర్పే ఉపాయం కూడా ఆ పిల్లే చెప్పింది. ఒక చప్పుడు చెయ్యాలి, వెంటనే తినడానికేదన్నా పెట్టాలి. ఎప్పుడూ అదే చప్పుడు, ఇంకోటి పనికిరాదు. నాకు చేతికి దొరికింది గ్యాస్ లైటర్. టిక్కుమనిపించడం, చిటికెడు క్యారెట్ ముక్క పెట్టడం. మొదట్లో చెవి కూడా కదిపేది కాదు. రుచి తెలిసాక మంచం కింద ఉన్నా, పెరట్లో జామచెట్టు మొదట్లో ఉన్నా, టిక్కుమంటే చాలు ఒక్క ఉరుకున వచ్చి నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడేది.

మా ఆయన నవ్వేవారు. "పెళ్ళైన కాణ్ణుంచి పిలుస్తున్నా, ఒక్కసారన్నా ఇంత తొందరగా వచ్చావా?"

"మీరెప్పుడన్నా క్యారెట్ పెట్టారా?" అన్నా.

మా వైపు క్వారీల్లో మధ్యాహ్నం పూట రాయి పేలుస్తారు. కిటికీ అద్దాలు గలగలమంటాయి. మాకది అలవాటే, కుందేలికి మాత్రం అలవాటు కాలేదు. పేలినప్పుడల్లా పోయి వంటింట్లో సిలిండర్ ఎనకాల దూరేది. అక్కడ కూర్చుని ఏం చేస్తుందో మేం ఏనాడూ వంగి చూడలేదు.

ఆ రోజు నేను డాబా మీద మిరపకాయలు ఎండబోస్తున్నా. రాయి పేలింది. కాసేపటికి కిందికి దిగుతుంటే మెట్ల మీదే గ్యాసు వాసన కొట్టింది. వంటింటి గుమ్మంలో ఆయన నిలబడి ఉన్నారు. ఒక చేతిలో క్యారెట్ ముక్క, ఇంకో చేతిలో లైటర్, బొటనవేలు దాని మీట మీద.

పోయి ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నా.

"ఏమే, చెయ్యి పీకేస్తావా? కుందేలు భయపడి సిలిండర్ ఎనక్కి పోయింది, పిలుద్దామని..."

"నొక్కబాకండి. గ్యాసు."

ఆయన ముక్కు ఎగబీల్చి చూసారు. "ఏం వాసన రావట్లేదే."

"మీకేం వచ్చిద్ది, పడిశం పట్టి ముక్కు మూసుకుపోయిందిగా."

అప్పుడు ఆయన మొహం చూసా. మనిషి తెల్లబోయారు. నేను లైటర్ లాక్కుని బయటికి విసిరేసా. ఆయన లోపలికి పోయి రెగ్యులేటర్ కట్టేసి, పెరటి తలుపు తీసారు. నాకు ఫ్రిజ్ గుర్తొచ్చింది. వంటింట్లోనే ఉంది, దానంతటదే ఆగి మళ్ళీ మొదలవుద్ది కదా, అప్పుడు నిప్పురవ్వ లేస్తే? "మెయిన్, మెయిన్" అన్నా. ఆయన వాకిట్లోకి పరుగెత్తి గోడకున్న మెయిన్ దించేసారు.

కుందేలు రాలేదు. గ్యాసు నేలకి దిగుద్దని సిలిండర్ ఇచ్చే అబ్బాయి ఒకప్పుడు చెప్పాడు. కుందేలేమో నేలకి అంటుకుని కూర్చుంది. "దామ్మా, దా" అన్నా. నాలుకతో టక్కు టక్కుమన్నా. క్యారెట్ చూపించా. దేనికీ కదల్లేదు. దానికి తెలిసిన పిలుపు ఒక్కటే, అది ఈ ఇంట్లో చెయ్యడానికి లేదు. పిల్లకి ఏం చెప్పాలి?

"వీధిలోకి పోయి నొక్కితే?" అన్నారాయన.

"ఇక్కడికి వినపడొద్దూ?"

పైట చెంగు ముక్కుకి అదిమి లోపలికి పోయా. ఆయన "ఆగవే" అంటూనే ఉన్నారు. సిలిండర్ ఈడిస్తే నేలకి గీసుకుని నిప్పు రాలుద్దేమో అని భయం. గోడకీ దానికీ మధ్య సందులోకి చెయ్యి పోనిచ్చి, మెత్తగా తగిలింది పట్టుకుని లాగా. మోచెయ్యి దాకా గోళ్ళతో గీరింది. నారింజ రంగు గ్యాసు ట్యూబు మీద పంటి గాట్లు అప్పుడు కనపడ్డాయి.

జామచెట్టు కింద ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. తల వాల్చేసింది. పొట్ట మాత్రం గబగబా కొట్టుకుంటోంది. ఆయన తడిగుడ్డతో దాని మూతి తుడుస్తున్నారు. ఎండ గోడ దాటిపోయాక ముక్కు ఆడించింది. కొత్తిమీర కాడ ఇస్తే వాసన చూసి వదిలేసింది. మళ్ళీ ఇస్తే కొరికింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

ట్యూబు మార్పించాం, ఇనప తీగ చుట్టింది వేయించాం. వంటింటి గడపకి అడ్డంగా చెక్క పెట్టాం. గిన్నె మీద గరిటె కొట్టి కొత్త పిలుపు నేర్పిస్తున్నా, చెవి కూడా కదపట్లేదు. పొద్దున్నే టీకి లైటర్ నొక్కితే మాత్రం చెక్క అవతల ముందుకాళ్ళు ఆనించి నిలబడి నా చేతుల వంక చూస్తుంది. దాని తప్పేముంది.

నొక్కే ముందు వంగి నేల దగ్గర వాసన చూస్తా. నా ముక్కు మీద నమ్మకం చాలక ఆయన్ని కూడా పిలుస్తా.

"నాకంటే ముందు నీకేగా వాసన వచ్చేది" అంటారు. అన్నా, వచ్చి వంగి చూస్తారు.