మిట్ట దగ్గర రెండో గేరు

ముందే చెప్తున్నాను, నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఇరవై ఏళ్లకు పైగా రాయచూరులో ఒక కన్నడ మీడియం స్కూల్లో సైన్స్ చెప్పాను. "మిస్, దెవ్వ ఇదెయా?" అని, దెయ్యముందా అని పిల్లలు అడిగితే, ఉంటే నా క్లాసుకు పిలుచుకురండి, దానికీ హోంవర్క్ ఇస్తాను అనేదాన్ని. ఇప్పుడైనా నమ్ముతున్నానని అనను. మా ఇంట్లో జరిగింది జరిగినట్టు చెప్తాను. ఎవరికైనా కారణం తోస్తే చెప్పండి, దండం పెడతాను.

మా ఇల్లు శక్తినగర్ నుంచి రాయచూరు వచ్చే దారిలో, ఊరు మొదలయ్యే చోట ఉంది. ఇంటికి కాస్త ముందు రోడ్డు మిట్ట ఎక్కుతుంది. శక్తినగర్‌లో థర్మల్ ప్లాంటు కట్టే రోజుల్లో మా నాయిన ఒక పాత పెట్రోలు జీపు వేలంలో కొని, అక్కడి ఇంజనీర్లను కృష్ణ ఒడ్డుకూ సైటుకూ తిప్పేవాడు. పొద్దున పోతే మళ్లీ పొద్దుగూకే వేళకు వచ్చేవాడు.

మిట్ట దగ్గరికి రాగానే జీపుకు దమ్ము చాలేది కాదు. నాయిన క్లచ్ రెండుసార్లు తొక్కి రెండో గేరుకు మార్చేవాడు. ఆ మార్చేటప్పుడు ఇంజను ఒక్కసారి గొంతు దించి, మళ్లీ ఎత్తుకునేది. వంటింట్లో ఉన్న అమ్మకు అదే కబురు. ఆ చప్పుడు వినగానే జొన్నరొట్టె తట్టి పెనం మీద వేసేది. నాయిన బండి నిలిపి, కాళ్లు కడుక్కొని పీట మీద కూర్చునేసరికి రొట్టె పొంగి దిగేది. చల్లారిన రొట్టె ఆయన ముట్టడు. నీకీ గారాలన్నీ అమ్మే నేర్పింది అని నేను దెప్పితే నవ్వేవాడు.

నేను ఒక్కతే బిడ్డను. మా ఆయన ఊరు మట్మారి, ప్లాంటులో ఫిట్టరు. ఇల్లరికం వచ్చాడు. ఎవరన్నా ఎగతాళి చేస్తే, "మా అత్తమ్మ రొట్టె తిని చూసి మాట్లాడండి" అనేవాడు.

నాయిన ముసలితనంలో బండి తోలడం మానేశాక జీపు పెరట్లో వేపచెట్టు కింద నిలబడిపోయింది. అమ్మకు చెవుడు వచ్చింది. మొదట కొంచెం, తర్వాత పూర్తిగా. పక్కనే కుక్కర్ ఈల వేసినా తెలిసేది కాదు. నాయిన ఇంట్లోనే ఉండేవాడు కాబట్టి, ఆయన పీట వాల్చుకోవడం చూసి రొట్టె వేసేది. తర్వాత ఒకరోజు నాయిన నిద్రలోనే పోయాడు.

ఆ రోజు నుంచి అమ్మ రొట్టె చేయలేదు. పిండి కలిపి, పెనం ఎదురుగా నిలబడి, మళ్లీ స్టవ్ ఆర్పేసేది. "ఎప్పుడెయ్యాల్నో తెలుస్తలేదే" అనేది. నేను చేస్తే అంచులు పగిలేవి. వేలితో ముట్టి పక్కకు నెట్టేది. రెండు ముద్దల మజ్జిగన్నం, అంతే. చేతి కడియం మోచేతి దాకా జారిపోయేది. పరీక్షలన్నీ చేసి డాక్టరు జబ్బేమీ లేదమ్మా, తిండి తినిపించండి అన్నాడు. తినిపించడం చేతనైతే ఆయన దగ్గరికి ఎందుకు పోతాను? బతిమాలాను, తిట్టాను, బాత్రూంలోకి పోయి ఏడ్చాను. మా అమ్మ నా కళ్ల ముందే తరిగిపోతోంది, నా చేతిలో ఏమీ లేదు.

అట్లాంటప్పుడు మా ఆయన రిటైరయ్యాడు. అయిన మర్నాడే పెరట్లోకి పోయి జీపు మీది టార్పాలిన్ లాగేశాడు.

"బండి బాగు చేసి అత్తమ్మను ముందల కూచోబెట్టి కృష్ణ దాంక తిప్పుకొస్త. గాలి తగిల్తే ఆకలైతది" అన్నాడు.

"రిటైరైతే అందరు తీర్థాలకు పోతరు. నువ్వేందయ్యా, పోయి పోయి తుక్కుల పడ్డవు" అన్నాను.

పనిలో దిగాక చూస్తే, నేల రేకును తుప్పు మొత్తం తినేసింది. డ్రైవరు సీట్లో కూర్చుంటే కాళ్ల కింద మట్టి, ఆ మట్టి మీద పోయే చీమలు కనబడేవి. బిగుసుకుపోయిన బోల్టుల మీద కిరసనాయిలు పోసి, నాననిచ్చి, మర్నాడు విప్పేవాడు. వైరు బ్రష్షుతో గీకి గీకి ఇంట్లోకి వస్తే మనిషి ఇటుక రంగులో ఉండేవాడు. నా తువ్వాళ్లన్నీ ఆ తుప్పుకే బలి.

పాత ఇంజను పనికిరాదని తేల్చాడు. డీజిల్ ఇంజను, కొత్త గేరుబాక్సు, పవర్ బ్రేకులు, సెల్ఫ్ స్టార్టు వేయాలన్నాడు. నాయిన రోజుల నుంచి ఆ బండి ఎరిగిన వెల్డరు ఖాదర్ భాయ్ వచ్చి, వేపకొమ్మకు చైను కప్పీ కట్టి ఇంజనూ గేరుబాక్సూ బయటికి లేపాడు. తన షెడ్డుకు తీసుకుపోయి విప్పేశాడు. పిస్టన్లు ఒక బకెట్లో, గేరు చక్రాలు ఒక డబ్బాలో ఉండటం నా కళ్లతో చూశాను. మా పెరట్లో మిగిలింది ఇటుకల మీద నిలబెట్టిన ఒట్టి డొల్ల. దానికి చక్రాలు కూడా లేవు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం. ఆరున్నర కావచ్చు, ఇంకా వెలుతురుంది. నేను వసారాలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. అమ్మ గడప దగ్గర కూర్చొని కందిపప్పులో రాళ్లు ఏరుతోంది. ఉన్నట్టుండి చాట పక్కన పెట్టి లేచి వంటింట్లోకి పోయింది. నీళ్లకేమో అనుకున్నాను. కాసేపటికి జొన్నపిండి కాలే వాసన వచ్చింది.

పోయి చూస్తే పెనం మీద రొట్టె పొంగుతోంది. ఏందమ్మా ఇది అని చేత్తో అడిగాను.

"మీ నాయిన వస్తుండు కదనే. మిట్ట కాడ గేరు మార్చిండు, ఇనబడలే?" అంది, మామూలుగా.

దెయ్యం గియ్యం ఏమీ గుర్తుకు రాలేదు. అమ్మకు మతి పోతోంది, ఇదొక్కటే తక్కువైంది అనుకున్నాను. అంతలో మా ఆయన వచ్చాడు. చేతిలో వైరు బ్రష్షు అట్లాగే ఉంది.

"పద్మా, రోడ్డు మీద జీపేమన్న పాయెనా? అచ్చం మామ బండి లెక్కనే గేరు మార్చింది. మిట్ట దాంక ఉరికి చూసొచ్చిన. ఏం లేదు."

అమ్మ నాతో ఏమందో ఆయనకు తెలియదు. ఆయన మాట అమ్మకు వినబడే ప్రశ్నే లేదు. ఇద్దరి మధ్య నిలబడి ఒకసారి అమ్మ మొహం, ఒకసారి ఆయన మొహం చూశాను. నాకు మాత్రం ఏ చప్పుడూ వినబడలేదు.

ఆ పూట అమ్మ ఆ రొట్టెను నాయిన పీట ముందు పెట్టింది. కాసేపు చూసింది. తర్వాత పళ్లెం తన ముందుకు లాక్కొని, పుంటికూర వేసుకొని, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ మొత్తం తినేసింది. ఏడు నెలల తర్వాత మా అమ్మ కడుపునిండా తినడం చూశాను.

నేను ఊరుకునే రకం కాదు. మర్నాటి నుంచి పరీక్ష పెట్టాను. అమ్మ వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుంటుంది. మా ఆయన గేటు దగ్గర నిలబడి, వినబడగానే చెయ్యెత్తాలి. నేను ఇద్దరూ కనబడేటట్టు నడవలో, గడియారం పట్టుకొని. వాళ్లకు ఒకరికొకరు కనబడరు. మూడు రోజులు రాసి పెట్టాను. ఒకరోజు ఆరుంపావు, ఒకరోజు ఏడుకు దగ్గర, ఒకరోజు మళ్లీ ఆరున్నర. కాబట్టి వేళ అలవాటైంది అనడానికి లేదు. మూడుసార్లూ మా ఆయన చెయ్యి లేచిన నిమిషంలోనే అమ్మ చెయ్యి పిండి మీద పడింది.

నాలుగో రోజు ఖాదర్ భాయ్ నేల రేకు అతుకుతూ ఉన్నట్టుండి ఆపేసి, మొహానికి పెట్టుకున్న వెల్డింగు అద్దం పైకెత్తి రోడ్డు వైపు చూశాడు. మేం ఆయనకు ఒక్క ముక్క చెప్పలేదు. "అరే, అన్న గాడీ ఆవాజ్ గద ఇది?" అన్నాడు. షెడ్డులో బకెట్లో ఉన్న ఇంజను గుర్తొచ్చిందేమో, సామాను సర్దుకొని తొందరగా ఇంటికి పోయాడు. ఆ దారిలో అట్లాంటి బండి ఎవరికైనా ఉందా అని బంకులోనూ టీ కొట్లోనూ అడిగాను. లేదన్నారు.

భయం వేయలేదా అంటే, వేసింది. కానీ అమ్మ తింటోంది. రెండు వారాల్లో కడియం మణికట్టు దగ్గర నిలబడింది. వచ్చేది ఎవరైతే నాకేంటి, వస్తూ ఉండనీ అనుకున్నాను.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, జీపు తయారవుతోంది. కొత్త ఇంజను కూర్చోబెడితే ఆ చప్పుడు ఆగిపోతుందేమో. ఒకరోజు చూద్దును కదా, నిన్న బిగించిన బ్రేకు పైపులు ఇవాళ విప్పుతున్నాడు.

"మళ్లొకసారి చూసి బిగిస్త" అన్నాడు, నా మొహం చూడకుండా.

ప్లాంటులో ఆయన బిగించింది ఇంకొకరు చూడక్కర్లేదని పేరు. అట్లాంటి మనిషి! నేనేం తక్కువ తినలేదు. పెద్ద పానా ఒకటి బియ్యం డబ్బాలో దాచేశాను. ఈ తుప్పు పీడ ఎప్పుడు వదులుతుందని రెండు నెలలు సాధించినదాన్ని, "తొందరేముందయ్యా, నిమ్మళంగ చెయ్యి" అంటున్నాను.

బియ్యం కొలవబోయిన అమ్మకు పానా దొరికింది. దాన్ని కొంగుతో తుడిచి తీసుకొచ్చి మా ఆయన చేతిలో పెట్టింది.

"బిగిచ్చినవి ఎందుకు ఇప్పుతున్నవు అల్లుడా? మీ మామకు బండి సగంల ఇడుస్తే నచ్చదు. ఐతారం దాంక తయారు చెయ్యి."

ఇంక దాచలేకపోయాను. అమ్మ చెయ్యి పట్టుకొని, పెదవులు కనబడేటట్టు మెల్లగా చెప్పాను, బండి తయారైతే నాయిన మళ్లీ రాడేమో అని.

"రాకుంటే రాకపాయె. ఎన్ని దినాలు తిప్పుకుంటరే మనిషిని?" అంది.

ఆదివారానికి బండి తయారైంది. ఆకుపచ్చ రంగు, కొత్త రేకు, కొత్త సీట్లు. అమ్మను ముందు కూర్చోబెట్టి కృష్ణ వంతెన దాకా పోయి వచ్చాం. దారిపొడుగునా కొంగు తల మీద నుంచి జారిపోతున్నా సర్దుకోలేదు. తిరిగి వచ్చేటప్పుడు డీజిల్ ఇంజను మిట్టను గేరు మార్చకుండానే ఎక్కేసింది. అమ్మ ఒకసారి మా ఆయన చేతి వైపు, గేరు కర్ర వైపు చూసింది.

ఆ సాయంత్రం మా ఆయన గేటు దగ్గర నిలబడ్డాడు. ఆరున్నర అయింది. ఏడయింది. ఏడున్నరకు లోపలికి వచ్చి తల అడ్డంగా ఊపాడు. అమ్మ గడప దగ్గర కూర్చొనే ఉంది. అయిపోయింది, రేపటి నుంచి మళ్లీ మజ్జిగన్నమే అనుకున్నాను.

అమ్మ లేచింది. వంటింట్లోకి పోయి పిండి పళ్లెంలో పోసుకుంది. ఇనబడిందా అని చెవి చూపించి అడిగాను.

"లే. ఏం ఇనబడలే."

మరి ఎందుకు అన్నట్టు చెయ్యి తిప్పాను. నేనేదో పిచ్చిది అయినట్టు చూసింది.

"ఆకలైతుందే" అంది.

ఆ తర్వాత ఆరేళ్లు బతికింది అమ్మ. ప్రతి సాయంత్రం రొట్టె చేసింది, తిన్నది. ఆ చప్పుడు మళ్లీ ఎవరికీ వినబడలేదు. నేను రాసిన మూడు రోజుల లెక్క ఇంకా నా దగ్గరే ఉంది. బకెట్లో ఉన్న ఇంజను మిట్ట ఎట్లా ఎక్కింది, చెవుడున్న మనిషికి ఎట్లా వినబడింది అని ఆ కాగితం తీసి ఇప్పటికీ చూస్తుంటాను.

దానికన్నా నన్ను బాధపెట్టింది ఇంకొకటి. ఇంటి అల్లుడికి వినబడింది, ఊళ్లో వెల్డరుకు వినబడింది. నాయినకు ఉన్న ఒక్క బిడ్డను, నాకు ఒక్కసారీ వినబడలేదు. అక్కసు పట్టలేక ఒకనాడు తింటూ తింటూ, నాకే ఎందుకు వినబడలేదని అమ్మను అడిగేశాను. నా పెదవుల వైపే చూస్తూ విన్నది. తర్వాత నవ్వింది.

"వాళ్లకు బండి కాడ పనుండె. నాకు పొయ్యి కాడ పనుండె. నువ్వు తింటనే ఉంటివి కదా బిడ్డా, నీ కోసం ఆయన ఎందుకొస్తడు?" అని, పెనం మీది రొట్టె తీసి నా పళ్లెంలో వేసింది.