నాలుగో సిలిండర్ దమ్ము

నిజామాబాద్‌లో నేను షెడ్డు పెట్టిన కొత్తలో ఊళ్ళో కార్లు తక్కువ, కార్ల గురించి మాట్లాడేవాళ్ళు ఎక్కువ. ఏ బండి వచ్చి ఆగినా దాని వెంట నలుగురు చేరి, నేను బానెట్ ఎత్తకముందే రోగం చెప్పేసేవాళ్ళు. నాకు ముక్కు మీద కోపం. ఎవరైనా సలహా మొదలుపెడితే చేతిలో ఉన్న పానా వాళ్ళకే అందించి, బీడీ ముట్టించుకుని కూర్చునేవాణ్ణి. సాధారణంగా అక్కడితో సలహాలు ఆగిపోయేవి.

ఆ ఏడు చెరుకు గానుగలు ఇంకా ఆడుతుండగానే వకీల్ సాబ్ కారు నా దగ్గరికి వచ్చింది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ కడుతున్న కాలం అది. ఆ చుట్టుపక్కల భూముల తగాదాలు పెరిగి, వకీల్ సాబ్‌కు ఎప్పుడూ ఆ దారిలోనే పని. కారు నడిపే డ్రైవర్‌ది ఎడపల్లి. తండ్రి లేడు, ఇంట్లో తల్లి ఒక్కతే. ఆ డ్రైవర్ అంటే నాకు పెద్దగా పడేది కాదు. అస్తమానం గుడ్డ పట్టుకుని బండి తుడుస్తూ ఉండేవాడు. రేడియేటర్‌లో పోసే నీళ్ళు కూడా ధోవతి గుడ్డతో వడపోసేవాడు. నాకది ఉత్త చాదస్తంగా కనిపించేది.

బండి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. ముందు గుమాస్తా దిగాడు. వకీల్ సాబ్ ఇంకా కాలు కింద పెట్టకముందే మొదలుపెట్టాడు.

"మిస్త్రీ, దీని దమ్ము పోయింది. వీడు నూనె పొయ్యకుంట నడిపిండు. ఇచ్చిన నూనె బజార్ల అమ్ముకున్నడు. గంతే, ఇంకేం లేదు."

డ్రైవర్ చేతిలో గుడ్డను మెలితిప్పుతున్నాడు. నేను పానా తీసి గుమాస్తాకు అందించాను. ఆయన తీసుకోలేదు.

వకీల్ సాబ్ నన్ను పక్కకు పిలిచారు. "అమ్ముతుంటె నేను కండ్లతోటి సూడలే. నాకు సబూత్ కావాలె. నూనె లేకుంట నడిపితె ఏం పాడైతది?" అన్నారు.

"పిస్టన్ రింగులు అరుగుతయి సాబ్," అన్నాను.

"మంచిది. రింగులు అరిగితె వీడు దొంగ. అరగకుంటె కాదు. నువ్వు చెప్పిందే తీర్పు."

నాకు ఒళ్ళు మండింది. బండి బాగుచేయమంటే బాగుచేస్తాను, మనుషుల మీద తీర్పులు నా పని కాదు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ దొంగ అన్న పేరు పడిందంటే ఆ ఊళ్ళోనే కాదు, ఈ చివర నుంచి ఆ చివర దాకా జిల్లాలో ఎవరూ అతని చేతికి బండి ఇవ్వరు. ఇంకో మిస్త్రీ దగ్గరికి పోతే ఆయన గుమాస్తా మొహం చూసి ఏం చెబుతాడో తెలియదు. ఊరుకుని బానెట్ ఎత్తాను.

రేడియేటర్ మూత చుట్టూ చీమలు పట్టి ఉన్నాయి. "బండిల మిఠాయి ఏమన్న పెట్టిన్రా?" అని అడిగాను. జవాబు కోసం ఆగలేదు. ఉఫ్‌మని ఊదేసి పనిలో పడ్డాను.

అది నాలుగు సిలిండర్ల బండి. ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ పైకి వస్తూ లోపలి గాలిని నొక్కుతుంది. ఆ నొక్కుడు గట్టిగా ఉంటేనే బండికి బలం. దాన్నే మేం దమ్ము అనేవాళ్ళం. బండి ముందు హ్యాండిల్ పెట్టి మెల్లగా తిప్పితే, దమ్మున్న సిలిండర్ వంతు వచ్చినప్పుడల్లా అది చేతిని వెనక్కి తోస్తుంది. తిప్పి చూశాను. మూడు సిలిండర్లు సరిగ్గానే తోశాయి. నాలుగోదాని వంతు వచ్చేసరికి హ్యాండిల్ వెన్నలో గరిటె తిరిగినట్టు తిరిగిపోయింది. అన్నిటికన్నా వెనక, రేడియేటర్‌కు దూరంగా ఉండేది ఆ సిలిండరే.

గాలి పోతున్నదంటే ఎటో ఒక దారి ఉండాలి. పిస్టన్ చుట్టూ బిగుతుగా ఉండే రింగులు అరిగితే, దాని పక్కల నుంచి కిందికి పోతుంది. గాలీ పొగా వచ్చిపోయే వాల్వు సరిగ్గా మూసుకోకపోతే ఆ సందులోంచి పోతుంది. ఏ దారినో తెలుసుకోవడానికి మాకొక పద్ధతి ఉంది. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలోంచి పిస్టన్ మీద కాస్త చిక్కటి నూనె పోస్తాం. అరిగిన రింగుల సందుల్ని ఆ నూనె కాసేపు కప్పుతుంది, దమ్ము తిరిగి వస్తుంది. వాల్వుదే తప్పయితే ఎంత నూనె పోసినా లాభం లేదు.

ఇదంతా విడమరిచి చెప్పాను. వకీల్ సాబ్ తలాడించి, "హ్యాండిల్ గుమాస్తా తిప్పుతడు," అన్నారు. "నిందేసింది గాయన. చేతికి తగిలేది కూడ గాయనకే తగలనీ."

ఆ మాట నాకు నచ్చింది. గుమాస్తా కోటు విప్పి, మొహం ముడుచుకుని హ్యాండిల్ పట్టుకున్నాడు. ముందు నూనె లేకుండా తిప్పించాను, నాలుగోది మెత్తగా ఉందని ఒప్పుకున్నాడు. తర్వాత ప్లగ్గు తీసి నూనె పోశాను. అది లోపల సర్దుకునేదాకా ఆగాం. డ్రైవర్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అప్పటిదాకా అతనంటే పడని నేనే దమ్ము తిరిగి రావద్దని కోరుకున్నాను. ప్లగ్గు బిగించి తిప్పమన్నాను.

గుమాస్తా తిప్పాడు. మళ్ళీ తిప్పాడు.

"ఎట్లున్నది?" అన్నారు వకీల్ సాబ్.

గుమాస్తా హ్యాండిల్ వంకే చూస్తున్నాడు.

"నిన్నే అడుగుతున్న."

"మెత్తగనే ఉన్నది సాబ్."

డ్రైవర్ గోడకు ఆనుకుని మెల్లగా కింద కూర్చుండిపోయాడు.

అంతటితో వకీల్ సాబ్ వదల్లేదు. గాలి ఎటు పోతున్నదో కూడా తేల్చమన్నారు. వెనక పొగగొట్టం దగ్గర చెవి పెడితే తెలుస్తుందన్నాను. అంత పెద్దమనిషీ రూమీ టోపీ తీసి పక్కన పెట్టి, షేర్వాణీతోనే మట్టిలో మోకాళ్ళూని గొట్టానికి చెవి ఆనించారు. గుమాస్తా మళ్ళీ హ్యాండిల్ తిప్పాడు. నాలుగోదాని వంతు రాగానే గొట్టంలో బుస్సుమని గాలి పోయింది. వకీల్ సాబ్ లేచి దుమ్ము దులుపుకున్నారు. "పొగ పోయే వాల్వు. రింగులు కావు," అన్నారు, తనే కనిపెట్టినట్టు. నేను కాదనలేదు.

"గుమాస్తా, దొంగ అన్న మాట వాపస్ తీస్కో."

"తీస్కున్న సాబ్," అన్నాడు గుమాస్తా. మాట వినిపించీ వినిపించనట్టు వచ్చింది. వకీల్ సాబ్ మళ్ళీ చెప్పించారు. కథ అక్కడ అయిపోయి ఉంటే ఎంత బాగుండేది.

వాల్వు మార్చాలంటే ఇంజన్ మీది మూత, హెడ్ అంటాం, విప్పక తప్పదు. విప్పాను. నాలుగో సిలిండర్ పక్క వాల్వు అంచు కాలి, మాడిన రొట్టెలా చిట్లి ఉంది. అక్కడికి చల్లదనం అందలేదన్నమాట. ఎందుకు అందలేదా అని నీళ్ళు తిరిగే రంధ్రాలు చూశాను. ముందువి మామూలుగానే ఉన్నాయి. వెనకవాటిలో నల్లగా, లక్కలా ఏదో గట్టిగా పట్టేసి ఉంది. తుప్పు అనుకుని పుల్లతో గీకాను. తుప్పు రాలుతుంది, ఇది సాగింది. వాసన చూసి, నాలుక చివర పెట్టుకున్నాను. మాడు బెల్లం.

అప్పుడు చీమలు గుర్తొచ్చాయి. గానుగల రోజుల్లో ఎడపల్లి దారంతా బెల్లం వాసనే కాబట్టి, బండి ఆవిర్లలో ఆ వాసన వచ్చినా ఎవరికీ పట్టదు.

"రేడియేటర్ల చెరుకు రసం పోసిన్రు సాబ్," అన్నాను. "కాగి కాగి పాకమై గిట్ల పట్టింది."

వకీల్ సాబ్ ఆ నల్లటి ముక్కను వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు చూశారు. "ఎవరు పోసిన్రు?" అన్నారు.

డ్రైవర్ లేచి వచ్చాడు. ఆ ముక్కను చూశాడు. ఏదో గుర్తొచ్చిందని అతని మొహంలో తెలిసిపోయింది. అప్పుడన్నాడు, "నేనే పోసిన సాబ్. నీళ్ళు దొరకలే."

వకీల్ సాబ్ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "దొంగవు కాదు. గామాట ఎవ్వరడిగినా చెప్త," అన్నారు. "కాని బండికి చెరుకు రసం తాపేటోడు నాకొద్దు. తాళం గాడ పెట్టు."

అందరూ వెళ్ళాక అతన్ని నిలదీశాను. "నీళ్ళు గుడ్డల వడపోసే మనిషివి, రసం ఎట్ల పోస్తవ్? ఎవల్ని కాపాడుతున్నవ్?"

"అవ్వ పోసింది అన్నా," అన్నాడు.

కొన్నాళ్ళ కింద ఒక రోజు ఎడపల్లిలో వాళ్ళ గానుగ దగ్గర బండి ఆపాడట. రేడియేటర్ ఆవిర్లు కక్కుతున్నది. అతను నీళ్ళకోసం బావికి పోయాడు. గానుగ ఆడే రోజుల్లో అక్కడికి వచ్చిన ఎవరినీ రసం తాపకుండా పంపరు. దారిన పోయేవాడికీ పోస్తారు, బండి లాగి వచ్చిన ఎద్దు ముందూ కుండ పెడతారు. తల్లి వకీల్ సాబ్‌కు ఇచ్చింది, గుమాస్తాకు ఇచ్చింది. వాళ్ళు తాగుతూ అటు నడిచాక, పొగలు కక్కుతున్న బండి కనిపించింది. దానికీ దాహమేసిందనుకుని, మూత తీసి బిందెడు రసం పోసింది. ఇతను నీళ్ళతో వచ్చేసరికి రేడియేటర్ నిండుగా ఉంది. "నేను పోసిన బిడ్డా. గంత దూరం ఉరికొచ్చింది, దూప కాదా దానికి?" అన్నదట. పోసింది నీళ్ళేననుకుని, అవ్వకు పని తెలిసిందని మురిసిపోయాడు.

"గామెకు చెప్పకు అన్నా," అన్నాడు. "తెలిస్తే బువ్వ ముట్టది."

అతన్ని నా షెడ్డులోనే ఉండమన్నాను. జాలిపడి కాదు. నీళ్ళు వడపోసే మనిషి నాకు కావలసి వచ్చింది.

మరుసటి ఏడు గానుగలు మొదలయ్యాక, బెల్లం బండి వెంట అతని తల్లి నిజామాబాద్ అంగడికి వచ్చి, అటునుంచి చెంబుతో రసం పట్టుకుని షెడ్డుకు వచ్చింది. కొడుకు పని నేర్చుకోవడానికి నా దగ్గర చేరాడనే ఆమె నమ్మకం. కొంగుతో చెమట తుడుచుకుంటూ అడిగింది, "వకీల్ సాబ్ బండి మంచిగున్నదా బిడ్డా?"

"మంచిగున్నది అవ్వా," అన్నాను.

"ఉంటది. నేను తాపిన గదా."

షెడ్డులో ఒక బండి రేడియేటర్ మూత తీసి పెట్టి ఉంది. ఆమె దాని దగ్గరికి నడిచి చెంబు ఎత్తింది. "దీనికి గూడ జెర పొయ్యనా?" అంది.

నా చేతిలో పానా అట్లాగే ఉండిపోయింది. డ్రైవర్ గబగబా వచ్చి తల్లి చేతిలోంచి చెంబు అందుకున్నాడు.

"దానికి దూప లేదు అవ్వా. నాకున్నది," అన్నాడు. చెంబు ఎత్తి, దించకుండా తాగాడు.