బానెట్ మీద సున్నం బొట్టు

మా ఆయన చిత్తూరు కోర్టులో ప్లీడరు. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, సామాను సర్దుకుని ఇంగ్లండు వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర నల్ల కారు కొన్నారు. కారుతో పాటు దొర ఒక చెక్కపెట్టె కూడా ఇచ్చి పోయాడు. అందులో నాలుగు డబ్బాలు, రెండు సీసాలు, ఒక మెత్తటి తోలు ముక్క, మడతలు పెట్టిన మల్లుగుడ్డలు ఉన్నాయి. కారు వచ్చిందని ఊరంతా చెప్పుకుంది. నిజానికి మా ఇంట్లో కాపురానికి వచ్చింది ఆ పెట్టె.

మా ఆయన డబ్బాల మీద ఇంగ్లీషులో ఏముందో చదివి, నేను దోసెలకు పిండి రుబ్బుతుంటే పక్కన పీట వేసుకుని కూర్చుని వివరించేవారు.

"పాలిష్ వేరే, గ్లేజు వేరే. పాలిష్ అంటే కోత. దాంట్లో కనపడనంత సన్నం పొడి ఉంటాది. గీతలు పడిన పైపొరను అది గోకేస్తాది. రుద్దినప్పుడల్లా రంగు కొంచెం పోతానే ఉంటాది. గ్లేజు అట్ల కాదు. అది పూత. గీతల్లోకి పోయి కూర్చోని వాటిని కనపడనీయదు."

"గీతలు పోవు గదా మరి?"

"పోవు. కనపడవు."

"మొటిమల మీద పౌడరు పూసినట్టు."

"నీకు చెప్పినాను చూడు, నాది బుద్ధి తక్కువ" అని పీట ఎత్తుకుని వెళ్ళిపోయారు.

ఆదివారం వచ్చిందంటే ఆ సంబరం చూడాలి. ఎండ పడకముందే కారును షెడ్డు నీడలో నిలబెట్టి, కడిగి, తోలుతో నీళ్ళన్నీ పీల్చేసి, పాలిష్ రుద్ది, దాని మీద గ్లేజు పూసేవారు. అది ఆరి తెల్లటి పొరలా తేలేదాకా పక్కన నిలబడి కాపలా కాసేవారు. పొరను మల్లుగుడ్డతో తుడిస్తే కింది నుంచి నలుపు నిగనిగమని బయటపడేది. ఆ నలుపులో తన ముఖం చూసుకుని మీసం సవరించుకునేవారు. పెళ్ళయిన పదిహేనేళ్ళలో నా వైపు అంతసేపు చూసిన జ్ఞాపకం నాకు లేదు. గాజులు గీసుకుంటాయని నన్ను మూడడుగుల దూరంలో నిలబెట్టేవారు.

ఇంతకీ నా గోడు కారు గురించి కాదు, మా అమ్మ గురించి. మా పుట్టిల్లు పూతలపట్టు. చిత్తూరు నుంచి పన్నెండు మైళ్ళు ఉంటుందేమో. కారు రాకముందు నేను నెలకొకసారి బస్సెక్కి పోయి వచ్చేదాన్ని. పెట్రోలు దొరక్క వెనకాల బొగ్గు పొయ్యి కట్టుకుని నడిచే బస్సులవి. దిగేసరికి ముఖాన మసి, చీర నిండా మసి. అయినా సుఖంగా పోయేదాన్ని, అమ్మ దగ్గర రెండు రోజులుండి వచ్చేదాన్ని. కారు వచ్చింది, నా కాళ్ళకు బంధం పడింది.

"కారు ఇంట్లో పెట్టుకోని నువ్వు బొగ్గు బస్సెక్కితే కోర్టులో నా ముఖం యాడ పెట్టుకోవాల?" అన్నారు.

"అయితే కారులోనే పోదామండీ."

"వానలు పడతా ఉండాయి. రోడ్డంతా బురద."

వానలు పోయాక అడిగితే దుమ్ము అన్నారు. దుమ్ము అణిగాక పెట్రోలు కూపన్లు అయిపోయాయన్నారు. కూపన్లు చేతికి వచ్చిన రోజు, నిన్ననే గ్లేజు పట్టించినాను, నాలుగు రోజులు ఆగు అన్నారు. ఇట్లా పదకొండు నెలలు గడిచాయి. చిత్తూరులో కారున్న ఆడవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళలో ఇల్లు కదలనిది నేనొక్కతెనే.

అక్కడ మా అమ్మకు కళ్ళలో పొర కమ్ముతోంది. మా అన్న కోర్టు పని మీద చిత్తూరు వచ్చినప్పుడల్లా ఒకటే మాట మోసుకొచ్చేవాడు.

"పాపను చూడాల, చూడాల అంటా ఉండాది మే. చూపు పూర్తిగా పోకముందే ఒకసారి వచ్చిపో."

ఇంత వయసొచ్చినా అమ్మకు నేను పాపనే. ఆ మాటకు నాకు అన్నం సయించేది కాదు. ఇంక లాభం లేదనుకుని ఒకరోజు పొద్దున్నే రెండు చీరలు సంచిలో కుక్కుకుని, బస్సుకు పోతున్నానని చెప్పి గడప దాటాను. మా ఆయన గాబరాపడిపోయారు. నా కోసమేనని మీరు మురిసిపోయేరు సుమా! ఎదురింటి వరండాలో ఇంకో ప్లీడరు కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"ఆగు మే, ఆగు! కారు తీస్తా ఉండా గదా!" అని గట్టిగా, ఆ ప్లీడరుకు కూడా వినిపించేలా అరిచారు.

దారి పొడుగునా ఎద్దులబండి ఎదురైతే చాలు, దాని దుమ్ము అణిగేదాకా కారు పక్కకు తీసి ఆపేవారు. నడిచిపోయినా అంతసేపే పట్టేది. నేను వెనక సీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని, తలుపుకు గాజులు తగలకుండా, పెళ్ళిపీటల మీద కూర్చున్నదానిలా కూర్చున్నాను. అయినా నా సంతోషం నాది.

ఊళ్ళో కారు ఆగగానే మా ఆయన గుడ్డ తీసి బానెట్ మీద దుమ్మంతా తుడిచారు. జనం మూగారు. మా అన్న ఆయన్ని లోపలికి తీసుకుపోయాడు. అమ్మ గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. నా ముఖం తడిమింది, భుజాలు తడిమింది, "చిక్కిపోయినావు పాపా" అంది. ఎంత లావైనా ఆమె చేతికి నేను చిక్కినట్టే తగిలేదాన్ని. తరవాత "ఏదీ, మీ కారు యాడుండాది?" అని అడిగింది. చెయ్యి పట్టుకుని తీసుకుపోయి బానెట్ మీద ఆనించాను.

ఆమెకు నలుపు కనపడలేదు, నిగనిగలు కనపడలేదు. అరచెయ్యి పెట్టి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా మెల్లగా నిమిరింది.

"అబ్బా! ఎంత నున్నగా ఉండాదే! పసిబిడ్డ ఒళ్ళు మాదిరి ఉండాది గదే."

చెప్పొద్దూ, ఆ పెట్టెలోని డబ్బాలన్నిటికీ దక్కిన అసలు మెప్పు అదే. దాన్ని వినవలసిన మనిషి లోపల కాళ్ళు కడుక్కుంటున్నాడు.

మరుక్షణం అమ్మకు భయం పట్టుకుంది. "ఊరోళ్ళ కండ్లన్నీ దీని మిందనే ఉంటాయి. ఆలుమొగుళ్ళు దారిన పోయేటోళ్ళు. దిష్టి తగలదా?" అంటూ రొంటిన ఉన్న వక్కాకు సంచి విప్పింది. సున్నపు డబ్బీలో బొటనవేలు ముంచి, తడుముకుంటూ బానెట్ నడిమధ్య చోటు చూసుకుని, గట్టిగా అదిమి బొట్టు పెట్టింది. కొత్త కుండకూ కొత్త గడపకూ పెట్టినట్టే పెట్టింది.

అప్పుడే కొంగుతో తుడిచేసి ఉంటే సరిపోయేది. కానీ ఆమె వేలు ఇంకా దాని మీదే ఉంది, పెదాలు ఏదో మొక్కుకుంటున్నాయి. నేను తుడవలేదు. ఇప్పటికీ చెబుతున్నాను, నాకు తుడవబుద్ధి కాలేదు.

కోడి కూర, రాగి సంగటి తిని మా ఆయన ఒక కునుకు తీశారు. కారు రెండు మూడు గంటలు ఎండలో నిలబడింది. సాయంత్రం బయటికి వచ్చి చూశారు. అత్తగారి వాకిలి, బావమరిది పక్కనే ఉన్నాడు, కేకలేయడానికి లేదు. నవ్వుముఖం పెట్టుకునే పంచె చెరగుతో తుడిచారు. సున్నం రాలిపోయింది. దాని కింద బొటనవేలంత మచ్చ, తెల్లగా, కోలగా ఉండిపోయింది. ఎండకు కాగిన రంగును సున్నం తినేసింది.

ఇంటికి వచ్చాక మాట్లాడారు. "మీ అమ్మకు కండ్లు లేవు, నీకుండాయి గదా?" అన్నారు. "ఆ మచ్చ పోయేదాకా కారు గడప దాటదు. నువ్వూ బస్సెక్కేది లేదు."

మరుసటి రోజు నుంచి మా ఇంట్లో మచ్చ మీద యుద్ధం మొదలైంది. గూడూరు నుంచి వచ్చిన కక్షిదారు బుట్టెడు నిమ్మకాయలు తెచ్చి ఇస్తే, సున్నానికి విరుగుడు పులుపే అని ఒక చెక్క కోసి రుద్దారు. మచ్చ ఇంకా తేటపడింది. మిగతా కాయలు నేను ఊరగాయ పెట్టాను, బాగా కుదిరింది. తరవాత పాలిష్ పట్టుకున్నారు. వారం రోజులు రుద్దేసరికి మచ్చ సగానికి తగ్గింది, దాని చుట్టూ నలుపు కూడా పలచబడింది. ఇంకా గోకితే కింది ఎర్రరంగు బయటపడుతుందని భయపడి, చివరికి గ్లేజు పూశారు. మచ్చ మాయం! మా ఆయన ముఖం వెలిగిపోయింది. పది రోజులకు కారు కడిగితే మచ్చ మళ్ళీ వచ్చి కూర్చుంది.

మళ్ళీ గ్లేజు. కడిగితే మళ్ళీ మచ్చ. కడక్కుండా ఉండాలంటే దుమ్ము పడకూడదు, దుమ్ము పడకూడదంటే బయటికి తీయకూడదు. కోర్టులో ఎంతటి చిక్కు కేసైనా తేల్చే మనిషి, తన షెడ్డులో తనే చిక్కుకుపోయారు. నవ్వుకున్నాను గానీ, లోపల ఉడికిపోతూనే ఉన్నాను. అన్న వచ్చినప్పుడు "ఈ నెల్లో వస్తాలే" అని చెప్పి పంపేదాన్ని. అట్లా నాలుగు నెల్లు చెప్పాను.

ఒక ఆదివారం పొద్దున ఆయన గ్లేజు పూసి ఆరబెట్టి ఉన్నారు. కారంతా తెల్లపొర కమ్మి ఉంది. మా ఊరి మనిషి ఒకడు సైకిలు తొక్కుకుంటూ, చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"అక్కా, తెల్లారినప్పటి నుంచి అమ్మకు మాట పడిపోయినాది. ఊపిరి ఉండాది. మీ అన్న తొందరగా రమ్మన్నాడు."

నేను బస్సుకని చెప్పుల్లేకుండానే వీధిలోకి పడ్డాను. వెనక నుంచి కారు చప్పుడైంది. తలుపు తెరిచి "ఎక్కు" అన్నారు. పొర తుడవలేదు. గుడ్డ చేతిలోకి కూడా తీసుకోలేదు. పదిహేను నెలలుగా నేను కాచుకున్న ఆ ఒక్క మాట, నేను అడక్కుండానే వచ్చింది.

బండ్లకు ఆగలేదు, గుంతలకు ఆగలేదు. అరగంటలో పూతలపట్టు వచ్చేసింది. ఇంత దగ్గరా మా అమ్మ అని దారంతా ఏడ్చాను. వాకిట్లో జనాన్ని చూడగానే తెలిసిపోయింది. కాసేపటి ముందే పోయిందట.

దినాలన్నీ అయ్యాక ఇంటికి వచ్చాను. మరునాడు ఆయన కోర్టుకు పోయినప్పుడు షెడ్డులోకి పోయి బానెట్ మీద చెయ్యి పెట్టాను. దుమ్ము తుడిచి, మిగిలిన పొర తుడిచి ఉంచారు. ఎక్కడ చూసినా నిగనిగలాడే నలుపే. అమ్మ వేలు పెట్టిన చోటు ఎంత వెతికినా కనపడలేదు. నా ఇంట్లో ఆమె గుర్తంటూ ఉన్నది అదొక్కటే. మా ఆయన చివరికి గెలిచారనుకున్నాను. అక్కడే కారు పక్కన కింద కూలబడి ఏడ్చాను. ఎప్పుడు వచ్చారో, గుమ్మంలో నల్లకోటుతో నిలబడి ఉన్నారు.

నా వైపు, బానెట్ నడిమధ్య వైపు ఒకసారి చూశారు. కోటు విప్పి మేకుకు తగిలించి, వంటింట్లో నేను బట్టలకు వాడే చాకలి సోడా బకెట్లో కలుపుకుని వచ్చారు. సబ్బు నురగ తగిలితేనే కసురుకునే మనిషి! ఆ నీళ్ళతో బానెట్‌ను ఒకసారి కడిగారు, రెండోసారి కడిగారు. గ్లేజు అంత తొందరగా వదల్లేదు. మూడోసారి పీచు పెట్టి తోమారు. నిగనిగలు పోయి నలుపు వెలిసిపోయింది. అప్పుడు నడిమధ్య, సన్నగా, కోలగా తెల్లమచ్చ తేలింది.

"ఉండాది మే. యాడికీ పోలేదు, చూడు" అన్నారు.

నేను దాని మీద బొటనవేలు పెట్టాను. ఆయన తడి చేతులు పంచెకు తుడుచుకున్నారు.

"ఇంక నువ్వు ఎప్పుడు పోదామంటే అప్పుడు తీస్తా" అన్నారు.

"ఇంక యాడికండీ?" అన్నాను.