లాజరు ముందు ‘పోయింది’ అనకండి

మా లాజరుకి ఒక్కటే పెంకితనం. ‘పోయింది’ అన్న మాట వింటే ఒళ్లు మండుతుంది. పాలకొల్లులో పాత కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఎవరైనా పెట్టె మోసుకొచ్చి పోయిందండి అన్నారా, ముందు వాళ్లకే రిపేరు.

"ఎవరన్నారండి పోయిందని? లేవలేదు, అంతే. పొద్దున్నే మీరు లేవకపోతే ఇంట్లోవాళ్లు ఏడుస్తారా, కాఫీ పెట్టి లేపుతారా?"

కరెంటు పోయిందంటే ఒప్పుకోడు, ఆగిందనాలి. నిడదవోలు ప్యాసింజరు పోయిందంటే కాదు, వెళ్లిందనాలి. ఆఖరికి నిద్రపోయాననీ అనడు, పడుకున్నానంటాడు. ఓ రోజు వాళ్లావిడ తబిత పప్పు మాడిపోయిందనబోయి నాలుక్కరుచుకుంది. "మాడింది. పోలేదు. తినండి" అంది. పళ్లెం ఖాళీ చేశాడు.

నేను వ్యవసాయ కార్మిక సంఘంలో పనిచేస్తాను. ఇళ్లస్థలాల కోసం అరవై రెండు కూలి కుటుంబాలు పదకొండేళ్ల కిందట అర్జీలు పెట్టుకున్నాయి. ఆ జాబితా రెవెన్యూ ఆఫీసు కంప్యూటర్లో ఉంది. అందులో మరిడమ్మది నలభై ఒకటో నంబరు. ఆవిడ కాపురం ఇప్పటికీ కాలువ గట్టు మీద టార్పాలిన్ కిందే. మొన్న వేసవిలో, నెలాఖరుకి జాబితా పైకి వెళ్లాలనగా, అక్కడి గుమాస్తా హరిబాబు తాపీగా సిస్టమ్ పోయిందన్నాడు. రసీదులున్నాయంటే, సిస్టమ్‌లో ఉంటేనే లెక్కట. అందరూ కొత్తగా పెట్టుకోవాలట, వరసలో చివరికి వస్తారట.

పదకొండేళ్లు నిలబడ్డ మనిషిని ఒక్క మాటతో మళ్లీ చివరికి తోసెయ్యడం! పేదవాళ్ల పేర్లున్న కంప్యూటర్లే ఎందుకు పోతాయో, ఆఫీసరుగారి ఏసీ ఎందుకు పోదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

లాజరుని తీసుకెళ్లాను. మరిడమ్మ కూడా వచ్చింది.

"బైబిల్లో చచ్చి లేచిన లాజరు పేరు కదండి మీది, లేపండి చూద్దాం" అన్నాడు హరిబాబు.

లాజరు పెట్టె విప్పాడు. తెర మీద, డిస్కు కనబడటం లేదన్న ఒక్క లైనే. బిళ్ల బ్యాటరీ మార్చాడు. అది అయిపోవడంతో కంప్యూటరు తేదీతో సహా సెట్టింగులన్నీ మరిచిందట. కేబుల్ మార్చాడు. కంట్రోలరుని పాత పద్ధతికి తిప్పాడు. కంట్రోలరంటే ఏంటి బాబూ అని మరిడమ్మ అడిగింది.

"డిస్కుకీ కంప్యూటరుకీ మధ్యన ఉండే గుమాస్తా, మామ్మా. లోపల అన్నీ ఉన్నా, వాడు పలక్కపోతే ఏమీ లేనట్టే."

హరిబాబు ఫ్యాను వైపు చూశాడు.

కంట్రోలరు పలికింది. డిస్కు మాత్రం టక్, టక్, టక్ అంది. లాజరు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"నా స్థలం పోయినట్టేనా బాబూ?"

"పోలేదు మామ్మా. డిస్కు పడుకుంది. వారంలో లేపుతాను. మీ రసీదు ఓసారివ్వండి."

ఆ వారమంతా కొట్టు మూసే ఉంది. ఫోనెత్తడు. నేను మూడు వినతిపత్రాలు రాశాను, ఒక ధర్నా చేశాను, ముసలావిడకి ఆశపెట్టి మాయమైనందుకు లాజరుని నోరారా తిట్టాను.

నెలాఖరు రోజున నేనూ మరిడమ్మా ఆఫీసులో ఉండగా వచ్చాడు. మొహం ఎండకి కమిలింది. సంచీలో అరవై రెండు రసీదులు. మోపెడ్ మీద ఇంటింటికీ తిరిగి, ట్రంకుపెట్టెల అడుగునుంచి, బైబిళ్ల మధ్యనుంచి, దేవుడి పటాల వెనకనుంచి తీయించాడట. ఆ ఉపాయం సంఘం నడిపే నాకెందుకు తట్టలేదో అడగకండి. తన దగ్గరున్న పాత డిస్కొకటి ఆ కంప్యూటర్లో బిగించి మీట నొక్కాడు. లేచింది. అందులో అరవై రెండు పేర్లూ నంబరు వరసన టైపుచేసి ఉన్నాయి.

"ఇది పాత జాబితా కాదు కదండి" అని నసిగాడు హరిబాబు.

"సిస్టమ్‌లో ఉంటేనే లెక్కన్నారు. ఉంది. రసీదుల మీద సీలెవరిదండి? సంతకమెవరిదండి?"

సీలు ఆఫీసుది, సంతకం హరిబాబుది. రసీదుల నకళ్లు జతచేసి జాబితా ఆ సాయంత్రమే పైకి పంపక తప్పలేదు. మరిడమ్మ నలభై ఒకటి మీద వేలుపెట్టి, తీరిగ్గా నవ్వింది.

"అయితే నిద్రపోయిందన్నమాట."

లాజరు కసురుకుంటాడనుకున్నాను. తలొంచుకుని స్క్రూలు బిగించుకున్నాడు.

మర్నాడు కొట్టుకెళ్తే బల్ల మీద టక్ టక్‌మన్న ఆ ఆఫీసు డిస్కు, చేతిరుమాల్లో చుట్టి ఉంది.

"ఇప్పుడు ఎవరూ లేరు. నిజం చెప్పు లాజరూ, ఇది ఆ రోజే పోయింది కదా?"

"మెల్లిగా మాట్లాడండి" అన్నాడు లాజరు. "మామ్మ చెప్పింది కదా, నిద్రపోయింది."