కమాను కట్ట మీద ఎర్రగీత

బందరులో చిలకలపూడి వెళ్లే దారిలో జకరయ్య కొట్టు తెలియని లారీవాడు లేడు. బండి వెనకాల బరువంతా మోసే ఇనప పట్టీల దొంతరలుంటాయే, అవే కమాను కట్టలు. వాటిని విప్పి, విరిగిన పట్టీ తీసి, కొత్తది వేసి మళ్లీ బిగించడం అతని పని. ముప్పై ఏళ్లుగా ఆ ఒక్క పనే చేశాడు. ఎవరైనా పనిలో పనిగా క్లచ్చి కూడా చూడమంటే, "నాకు నడుం నొప్పులే తెలుసండీ, గుండె జబ్బులకి వేరే డాక్టరున్నాడు" అని అవతలి కొట్టు చూపించేవాడు.

అతనికో పద్ధతుంది. కట్టని ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టుల్ని బండి జాకీ మీద ఉండగా ఆఖరి బిగింపు బిగించడు. కిందికి దింపి, బరువు చక్రాల మీద పడ్డాకే పెద్ద పానాకి గొట్టం తొడిగి బలమంతా పెట్టి బిగిస్తాడు. ఆ తరవాత నులకతాడు తీసి ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమి దాకా కొలుస్తాడు. కుడివైపూ ఎడమవైపూ ఒకే కొలత రావాలి. వచ్చాక, "ఏమేవ్, సీసా తే" అని కేకేసేవాడు.

అతని భార్య సంతోషమ్మ గోళ్లరంగు సీసా పట్టుకుని వచ్చి బండి కిందికి దూరేది. ప్రతి నట్టు మీదా మొదలుపెట్టి బోల్టు మీదుగా ఇనప పలక దాకా సన్నగా ఒక ఎర్రగీత గీసేది. నట్టు ఏ కాస్త తిరిగినా గీత విరిగి కనబడుతుంది. డ్రైవరు పొద్దున్నే వంగి చూసుకుంటే చాలు. మామూలు రంగు గ్రీజుకి నిలవడం లేదని ఈ ఉపాయం ఆమే కనిపెట్టింది. తన గోళ్లకి మాత్రం ఒక్కనాడూ వేసుకోలేదు. బండ్లకి పెళ్లికూతురి సింగారాలు చేసి నీ చేతులు బొగ్గుల్లా ఉంచుకున్నావేమే అని పక్కన ఇడ్లీ కొట్టు కనకరత్నం ఎగతాళి చేస్తే, "నా గోళ్లేమైనా ఐసుపెట్టెలు మొయ్యాలా వదినా" అనేది. బరువుకి పట్టీలు సర్దుకుని బిగింపు వదులవుతుందనీ, మొదటి లోడు దింపి వచ్చి మళ్లీ బిగించుకుపొమ్మనీ ప్రతి డ్రైవరుకీ చెప్పేదీ ఆమే. రాకపోతే బజారులో నిలబెట్టి అడిగేది.

ఆ ఏడు ఎండాకాలంలో ఆమెకి పచ్చకామెర్లు వచ్చాయి. పసరు తగ్గిస్తుందని కొన్నాళ్లు, తగ్గుతున్నట్టే ఉందని కొన్నాళ్లు ఆగారు. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. ఆమె పోయాక జకరయ్య బండ్లకి గీతలు గీయడం మానేశాడు. గోళ్లరంగు సీసా కిటికీలో అలాగే ఉండిపోయింది.

వానలు మొదలయ్యాక వెంకటపతి తన పాత పికప్ వ్యాను తీసుకొచ్చాడు. హంసలదీవి వైపు ఐసు తీసుకెళ్లి చేపలు వేసుకొచ్చే మనిషి. ఎడంపక్క కాస్త వాలుతోందనీ, బరువెక్కితే లోపల టక్కుమంటోందనీ చెప్పాడు. జకరయ్య తాడు చేత్తో పట్టుకుని బండి కిందికి దూరాడు.

ఎడంవైపు నాలుగు నట్లు. నాలుగు ఎర్రగీతలు. సంతోషమ్మ మంచం పట్టకముందు ఆఖరున గీసిన బండి ఇదే. నాలుగో గీత చివర చిన్న మచ్చ ఉంది. ఆవేళ ఆమెకి దగ్గొచ్చి చెయ్యి కదిలింది.

ఆ టక్కుమనే చప్పుడు దేనికి వస్తుందో జకరయ్యకి తెలుసు. పట్టీలన్నిటినీ కలిపి గుచ్చే సెంటర్ బోల్టు తెగుంటుంది, లేదా పలక కింద, పైకి కనబడని చోట, పట్టీ విరిగుంటుంది. నట్టు తిరక్కపోయినా లోపల కట్ట వదులైపోవచ్చు. చూడాలంటే నట్లు విప్పాలి. విప్పితే గీతలు విరుగుతాయి. చాలాసేపు అలాగే వెల్లకిలా పడుకున్నాడు. ఆ పైన తాడు చుట్టేసి బయటికొచ్చాడు.

"గీత కదల్లేదు పతీ. బుష్షు అరిగుంటుంది, గ్రీజు పెట్టాను. వెళ్లు."

మూడో రోజున కోడూరు దాటాక కరకట్ట మీద సెంటర్ బోల్టు వదిలేసి ఇరుసు వెనక్కి జారింది. బండి అడ్డం తిరిగి కాలవలోకి దిగిపోయింది. వెనకున్న ఐసుపెట్టెలు ముందుకి తోసుకొచ్చి వెంకటపతి కుడికాలు నలిగిపోయింది.

జకరయ్య ఆస్పత్రికి వెళ్లి మంచం పక్కన నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. వెంకటపతి తనవైపు తప్పు లేదని చెప్పుకోవాలనుకున్నాడు కాబోలు, "పొద్దున్నే వంగి చూసుకున్నాను బాబాయ్. పిన్ని గీత కదల్లేదు" అన్నాడు. జకరయ్య తెచ్చిన బత్తాయిలు మంచం మీద పెట్టి వచ్చేశాడు.

బండిని కట్టి లాక్కొచ్చి కొట్టు ముందు పెట్టారు. కనకరత్నం ఊరుకునే మనిషి కాదు. ఇడ్లీపాత్ర దింపి, చేతులు తుడుచుకుంటూ వచ్చి, మొన్న నువ్వు చూసిన బండే కదా అన్నయ్యా, ఇలా ఎందుకయింది అని అడిగింది. జకరయ్య పానా ఏరుతూ తల ఎత్తకుండా చెప్పాడు.

"తాడు పట్టుకుని కూడా కొలవలేదమ్మా. కొలిస్తే తేడా వస్తుంది. వస్తే విప్పాలి. అందుకని కొలవలేదు."

కనకరత్నం అక్కడే ఇటుక మీద కూర్చుంది.

బురద కడిగి మొదటి నట్టుకి పానా వేశాడు. సగం తిప్పుకే గోళ్లరంగు పెళుసుగా లేచి అతని చొక్కా మీద రాలింది. దులుపుకోలేదు. నాలుగూ విప్పి కట్ట దింపి చూస్తే సెంటర్ బోల్టు రెండు ముక్కలు, మూడో పట్టీ నడిమికి విరిగి ఉంది. విరిగిన చోట తుప్పు పట్టింది. ఎన్నాళ్లనాటిదో.

రెండు రోజులు పట్టింది. పట్టీలన్నీ రుద్ది, కొత్త పట్టీ కలిపి, మధ్య మధ్య గ్రీజు పూసి, పొడుగుదాని మీద పొట్టిదాన్ని వరసగా పేర్చి, కొత్త సెంటర్ బోల్టు గుచ్చాడు. దాని తల ఇరుసు మీది గుంటలో సరిగ్గా కూర్చుందో లేదో వేలు పెట్టి చూసుకున్నాడు. కొత్త యూ బోల్టులు వేసి, ఒకేసారి ఒకదాన్నే కాకుండా మూల నుంచి మూలకి కొద్దికొద్దిగా బిగించుకుంటూ వచ్చాడు. బండి దింపి ఆఖరి బిగింపు బిగించాడు. తాడు కొలత రెండువైపులా ఒకటే వచ్చింది.

కిటికీలో సీసా తీస్తే రంగు గడ్డకట్టి ఉంది. కనకరత్నం వెళ్లి కొత్త సీసా కొనుక్కొచ్చి అతని చేతిలో పెట్టింది. అతని గీతలు లావుగా, వంకరగా వచ్చాయి.

వెంకటపతి కాలు మళ్లీ మడత పడలేదు. బండి గుడివాడలో కూరగాయలు తోలేవాడెవరికో అమ్మేశాడు. మొదటి లోడు దింపి బిగింపుకి రమ్మని జకరయ్య కబురు పెట్టాడు. ఆ మనిషి రాలేదు. వారం చూసి, పానా, గొట్టం, గోళ్లరంగు సీసా గోనెసంచిలో వేసుకుని జకరయ్య గుడివాడ బస్సెక్కాడు.

మార్కెట్టు వెనకాల బండి దొరికింది. ఎవరండీ మీరు, ఏం కావాలి అంటున్న డ్రైవరుకి సంచి చూపించి, కిందికి దూరాడు. గీతలు నాలుగూ ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి వంక చూస్తూ ఆగలేదు. మొదటి నట్టుకి పానా వేసి, గొట్టం తొడిగి, లాగాడు. పావు తిప్పు తిరిగింది.